బ్రౌజర్‌లో కనిపించే పేజీ గూగుల్‌లో ఎందుకు కనిపించదు?

సైట్ రియాక్ట్‌లోనో వ్యూలోనో, అంటే బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ నడిచాకే పేజీ తయారయ్యే పద్ధతిలో, కట్టారు. ఫోన్‌లో చక్కగా తెరుచుకుంటోంది. గూగుల్‌లో మాత్రం హోమ్ పేజీ తప్ప ఇంకేదీ రావడం లేదు. ఎవరిని అడిగినా ఒకటే సలహా: "నెక్స్ట్ జేఎస్‌లోకి మార్చేయండి." పేజీని సర్వర్‌లోనే తయారుచేసి పంపగల ఫ్రేమ్‌వర్క్ అది; దాంట్లోకి మారడం నెలల పని. అంత దూరం వెళ్లే ముందు లోపం ఎక్కడుందో చూడండి. చాలాసార్లు అది లింకుల్లోనో, సర్వర్ ఇచ్చే జవాబులోనో దొరుకుతుంది.

గూగుల్‌కి జావాస్క్రిప్ట్ అర్థం కాదన్నది పాత మాట. పేజీలు తెచ్చుకునే గూగుల్ ప్రోగ్రామ్ గూగుల్‌బాట్ 2019 మే దాకా 2015 నాటి క్రోమ్ 41తోనే నెట్టుకొచ్చింది. అప్పటి నుంచి క్రోమ్‌కి మూలమైన క్రోమియమ్‌లో కొత్తదాన్నే వాడుతోంది. ముందు మీ హెచ్‌టీఎమ్‌ఎల్ తెచ్చుకుంటుంది, పేజీని రెండరింగ్ (స్క్రిప్టులు నడిపి పేజీ తయారుచేయడం) క్యూలో పెడుతుంది, స్క్రిప్టులు నడిపాక వచ్చిన పాఠాన్ని ఇండెక్స్ చేస్తుంది. అయితే అది దేన్నీ క్లిక్ చేయదు, స్క్రోల్ చేయదు. పర్మిషన్ అడిగితే ఒప్పుకోదు. ఒక పేజీ బ్రౌజర్‌లో దాచిన సమాచారాన్ని (కుకీ, లోకల్ స్టోరేజ్) తర్వాతి పేజీకి మోసుకెళ్లదు. కింద చెప్పేవాటిలో సగం ఈ నాలుగింటి దగ్గరే తేలతాయి.

ముందు ఎక్కడ పోయిందో పట్టుకోండి

జిల్లాలవారీగా పంటల ధరలు చూపే సైట్ ఒకటి ఉందనుకుందాం. గుంటూరు మిర్చి పేజీ నుంచి "తేజ రకం క్వింటా ధర" లాంటి ఒక ముక్క తీసుకుని రెండు చోట్ల వెతకండి. ఒకటి, సర్వర్ పంపిన హెచ్‌టీఎమ్‌ఎల్‌ని ఉన్నదున్నట్టు చూపే బ్రౌజర్ వ్యూ సోర్స్. రెండు, సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్ తెరిచి, లైవ్ టెస్ట్ చేశాక చూపించే హెచ్‌టీఎమ్‌ఎల్. రెండో దాంట్లో ఉంటే రెండరింగ్ బాగానే ఉంది, లోపం వేరే చోట వెతకాలి. రెండో దాంట్లోనూ లేకపోతే స్క్రిప్ట్ ఎక్కడో ఆగిపోతోంది.

తెలుగు సైట్లకు ఇక్కడ ఒక చిక్కుంది. పైథాన్‌లోనో పీహెచ్‌పీలోనో జేసన్ (డేటా పంపే ఫార్మాట్) తయారుచేస్తే, సెట్టింగ్ మార్చకపోతే తెలుగు అక్షరాలన్నీ బ్యాక్‌స్లాష్‌తో మొదలయ్యే కోడ్‌లుగా మారిపోతాయి. వ్యూ సోర్స్‌లో "తేజ" అని వెతికితే దొరకదు, డేటా మాత్రం స్క్రిప్ట్ ట్యాగ్ లోపల ఉంటుంది. అది చూసి డేటాయే రావడం లేదని కంగారు పడొద్దు.

సమస్య: హోమ్ పేజీ తప్ప లోపలి పేజీలు గూగుల్‌కి తెలియడం లేదు

మీ సైట్‌లో ఏదైనా జిల్లా పేరు మీద రైట్ క్లిక్ చేయండి. "కొత్త ట్యాబ్‌లో తెరువు" అన్న ఆప్షన్ రాకపోతే అది లింక్ కాదు, లింక్‌లా కనిపించే డివ్, అంటే మామూలు హెచ్‌టీఎమ్‌ఎల్ పెట్టె. ఆన్‌క్లిక్ ఫంక్షన్ పేజీ మారుస్తుంది కాబట్టి మనిషికి తేడా తెలియదు. బాట్‌కి మాత్రం అక్కడ దారి లేదు. దానికి కావలసింది హెచ్‌రెఫ్ (వెళ్లాల్సిన అడ్రస్) ఉన్న 'ఎ' ట్యాగ్. రియాక్ట్ రౌటర్‌లోని లింక్ కాంపోనెంట్ అదే ఇస్తుంది. దాన్ని వాడకుండా డివ్‌కి నావిగేట్ ఫంక్షన్ తగిలించడం వల్లే ఈ తలనొప్పి. సైట్‌మ్యాప్ (సైట్‌లోని అడ్రస్‌ల జాబితా) ఇచ్చాం కదా అంటారు కొందరు. సైట్‌మ్యాప్ ఉంటే మంచిదే, కానీ లోపలి లింకులు చేసే పని అది చేయదు.

అడ్రస్‌లో # గుర్తు ఉందేమో కూడా చూడండి. # తర్వాత ఉన్నదాన్ని గూగుల్ వేరే పేజీగా లెక్కపెట్టదు, కాబట్టి మీ జిల్లాలన్నీ కలిసి దానికి ఒకే పేజీ. # పక్కన ఆశ్చర్యార్థకం పెట్టే పద్ధతిని 2009లో గూగులే ప్రతిపాదించింది, 2015లో వద్దంది. పాత ట్యుటోరియల్స్‌లో ఇంకా అది కనిపిస్తే పక్కన పెట్టేయండి. # వాడే హ్యాష్ రౌటర్ తీసేసి, # లేని మామూలు అడ్రస్‌లిచ్చే హిస్టరీ ఏపీఐ రౌటర్ పెట్టుకోండి.

సమస్య: సెర్చ్ కన్సోల్‌లో 'సాఫ్ట్ 404'

పై మార్పు చేయగానే తరచూ ఎదురయ్యేది ఇదే. ఏ అడ్రస్ అడిగినా ఒకే ఇండెక్స్ ఫైల్ పంపమని సర్వర్‌కి చెప్తాం. దాంతో లేని జిల్లా పేరు కొట్టినా 200 (అంతా సరే) అనే జవాబు వెళ్తుంది, తెర మీద మాత్రం "పేజీ దొరకలేదు" అని ఉంటుంది. దీన్నే సాఫ్ట్ 404 అంటారు. సర్వరే 404 (పేజీ లేదు) ఇవ్వగలిగితే అంతకన్నా మంచిది లేదు. కుదరకపోతే, డేటా లేదని తేలగానే నిజంగా 404 ఇచ్చే అడ్రస్‌కి మళ్లించండి, లేదా ఈ పేజీని ఇండెక్స్ చేయొద్దని చెప్పే నోఇండెక్స్ ట్యాగ్‌ని స్క్రిప్ట్‌తో చేర్చండి.

దీన్ని తిరగేసి మాత్రం చేయొద్దు. మొదటి హెచ్‌టీఎమ్‌ఎల్‌లో నోఇండెక్స్ పెట్టి, డేటా వచ్చాక స్క్రిప్ట్‌తో తీసేద్దామంటే పని జరగదు. నోఇండెక్స్ చూసిన గూగుల్ రెండరింగ్ దాకా వెళ్లకుండానే వదిలేయొచ్చు.

సమస్య: పేజీలన్నీ డూప్లికేట్ అంటోంది

ఇండెక్స్ ఫైల్‌లో కానానికల్ ట్యాగ్ (అసలు పేజీ ఏదో చెప్పేది) హోమ్ పేజీకి రాసి ఉంటుంది. అదే ఫైల్ అన్ని అడ్రస్‌లకూ వెళ్తుంది కాబట్టి ప్రతి పేజీ "అసలు పేజీ నేను కాదు, హోమ్ పేజీ" అని చెప్తున్నట్టే. దాన్ని తీసేసి, ఏ పేజీ కానానికల్, టైటిల్ ఆ పేజీకి పెట్టండి.

సమస్య: రెండరైన పేజీలో లోడింగ్ చక్రం తప్ప ఏమీ లేదు

ఓపిక కావలసింది ఇక్కడే. స్క్రీన్‌షాట్‌లో "మీ జిల్లా ఎంచుకోండి" అనే పెట్టె కనిపిస్తే కారణం తెలిసినట్టే. సైట్ లొకేషన్ అడిగింది, బాట్ ఇవ్వలేదు, మీ కోడ్ అక్కడే కూర్చుంది. ఒకసారి ఎంచుకున్న జిల్లాని లోకల్ స్టోరేజ్‌లో దాచినా లాభం లేదు, ప్రతి పేజీకీ బాట్ కొత్త మనిషిలాగే వస్తుంది. జిల్లా పేరు అడ్రస్‌లోనే ఉండాలి. లొకేషన్ అడగడం అన్నది సౌకర్యం కోసం, అదీ ధరలు కనిపించాకే.

ఖాళీ తెర కనిపిస్తే లైవ్ టెస్ట్‌లో లోడ్ కాని ఫైళ్ల జాబితా, కన్సోల్ మెసేజ్‌లు చదవండి. డేటా ఇచ్చే ఏపీఐ దారిని, బాట్లు ఎక్కడికి రావొచ్చో చెప్పే రోబోట్స్ ఫైల్‌లో మూసేసి ఉండొచ్చు. ఏపీఐ వేరే సబ్‌డొమైన్‌లో ఉంటే ఆ సబ్‌డొమైన్‌కి ఉన్న రోబోట్స్ ఫైల్ చూడాలి, మీ మెయిన్ సైట్‌ది కాదు. అక్కడా తప్పు లేకపోతే ఫైర్‌వాల్‌ని అనుమానించండి. గూగుల్‌బాట్ ఎక్కువగా అమెరికా ఐపీల నుంచే వస్తుంది. ఇండియా బయటి ట్రాఫిక్ ఆపేస్తే హ్యాకర్లతో పాటు గూగుల్‌నీ ఆపినట్టే. పేరు చూసి లోపలికి రానివ్వొద్దు, గూగుల్‌బాట్ అని ఎవరైనా రాసుకోవచ్చు. గూగుల్ తన బాట్ల ఐపీల జాబితా ప్రకటిస్తుంది, దాని ప్రకారం అనుమతించండి.

సమస్య: మొదటి 20 వరుసల తర్వాతివి ఇండెక్స్ కావడం లేదు

స్క్రోల్ చేస్తేనే మిగతావి లోడ్ అయ్యేలా రాసి ఉంటారు. రెండో పేజీ, మూడో పేజీ అంటూ విడి అడ్రస్‌లు, వాటికి మామూలు లింకులు ఇవ్వండి. స్క్రోల్ సౌకర్యం దాని మీద అలాగే ఉండనివ్వొచ్చు.

సమస్య: గూగుల్‌లో ఉంది, వాట్సాప్‌లో షేర్ చేస్తే ప్రివ్యూ రావడం లేదు

ప్రివ్యూ తెచ్చే బాట్లు స్క్రిప్ట్ నడపవు, సర్వర్ పంపిన హెచ్‌టీఎమ్‌ఎల్‌లో ఏముంటే అదే తీసుకుంటాయి. ఏఐ కంపెనీల క్రాలర్లలో చాలా వాటిదీ ఇదే తీరు. నా లెక్కలో సర్వర్ వైపు పని నిజంగా తప్పనిది ఇక్కడే. అయినా సైట్ మొత్తం మార్చనక్కర్లేదు. రోజుకోసారి మారే ధరల పేజీలకు, మార్కెట్ ముగిశాక స్టాటిక్ హెచ్‌టీఎమ్‌ఎల్ తయారుచేసి పెడితే చాలు. నిమిషనిమిషానికి మారేవాటికి సర్వర్ రెండరింగ్ పెట్టుకోండి. లాగిన్ వెనక ఉండే డ్యాష్‌బోర్డ్‌ని అలాగే వదిలేయండి, దాన్ని ఎవరూ వెతకరు. బాట్‌కి ఒక పేజీ, మనిషికి ఒక పేజీ ఇచ్చే డైనమిక్ రెండరింగ్‌ని గూగులే తాత్కాలిక ఏర్పాటు అంటోంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు.

సమస్య: అన్నీ సరిచేసినా పాతదే కనిపిస్తోంది

గూగుల్ మీ స్క్రిప్ట్ ఫైళ్లను గట్టిగా క్యాష్ చేసుకుంటుంది, క్యాష్ గడువు సూచనల్ని పట్టించుకోకపోవచ్చు. బిల్డ్ చేసిన ప్రతిసారీ ఫైల్ పేరు మారేలా, పేరులో కంటెంట్ హ్యాష్ (లోపలి కోడ్ మారితే మారే గుర్తు) వచ్చేలా సెట్టింగ్ పెట్టండి. పాత పేరున్న ఫైళ్లని వెంటనే సర్వర్ నుంచి తీసేయకండి. పాత హెచ్‌టీఎమ్‌ఎల్ చేతిలో ఉన్న బాట్ రెండరింగ్ సమయానికి వాటినే అడుగుతుంది. ముఖ్యమైన ఒకటి రెండు పేజీలకు రీ-ఇండెక్సింగ్ అడిగి, మిగతావి సైట్‌మ్యాప్‌లో మార్చిన తేదీతో సహా ఇచ్చేయండి.