గింకో మొక్క వాడిపోతోందా? ముందు వేళ్ల దగ్గర మట్టిముద్ద చూడండి

దక్షిణ ఒడిశాలో కోరాపుట్, సెమిలిగుడ, రాయగడ, గుణుపురం వైపు మనవాళ్లు కుండీల్లో గింకో (విసనకర్రలాంటి ఆకులుండే చైనా చెట్టు) పెడుతున్నారు, సంతోషం. అడిగే సమస్యలు మాత్రం అవే అవే వస్తున్నాయి.

సమస్య: చలికాలంలో ఆకులు పసుపెక్కి అన్నీ ఒక్కసారే రాలిపోయాయి, ఉట్టి పుల్ల మిగిలింది.

చావలేదండీ. ఇది ఆకురాల్చే చెట్టు, చలికి అంతే చేస్తుంది. పీకే ముందు బెరడు మీద గోరుతో కొంచెం గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్క పని చెయ్యకుండా ప్రాణమున్న మొక్కని పారేస్తున్నారు, బాధేస్తుంది. ఆకుల్లేనన్నాళ్లు నీళ్లు బాగా తగ్గించండి, మట్టి పూర్తిగా ఎండకుండా ఉంటే చాలు.

సమస్య: చిగురు బాగానే వేసింది, మే వచ్చేసరికి ఆకు అంచులు మాడుతున్నాయి, కొత్త ఆకు చిన్నగా వస్తోంది.

అందరూ ఎండదెబ్బ అనేస్తారు. గుణుపురం, పర్లాకిమిడి లాంటి పల్లపు ఊళ్లలో అదీ నిజమే, మధ్యాహ్నం నీడ ఉండాల్సిందే, 850 మీటర్ల పైనున్న కోరాపుట్‌లో అంత బాధ లేదు. కానీ నీడలో పెట్టి రోజూ నీళ్లు పోసినా తగ్గట్లేదంటే అసలు కారణం కుండీ నడుమ ఉంటుంది. నర్సరీ నుంచి వచ్చే మొక్కకి చాలాసార్లు వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది, మనం దాన్ని అలాగే గుల్ల మట్టిలో దించేస్తాం. ముద్ద ఒకసారి ఎండి గట్టిపడిందా, పోసిన నీళ్లు దాని పక్కనుంచి జారి కింద కన్నంలోంచి పోతాయి, పైన మట్టి తడిగానే ఉంటుంది, వేళ్లకి మాత్రం చుక్క అందదు. వానాకాలంలో దీనికి రివర్స్, ముద్ద తడిసి ఆరదు, గాలాడక వేళ్లు కుళ్లుతాయి. రెండింటికీ ఆకు మీద కనిపించేది దాదాపు ఒకటే, అందుకే అందరూ ఇంకాస్త నీళ్లు పోసి చంపేస్తారు. 1945లో హిరోషిమా బాంబుకే బతికిన చెట్టు కదా, దీనికేమవుతుంది అంటారు గానీ అవి నేలలో పాతుకున్న చెట్లు, కాలినా మళ్లీ చిగురేశాయి, కుండీ మొక్కకి ఆ బలం ఎక్కడిది?

కాండం పక్కనే సన్న వెదురు పుల్ల లోపలిదాకా గుచ్చి కాసేపాగి తియ్యండి. దిగకపోయినా పొడిగా వచ్చినా ముద్ద ఎండింది, బురద అంటి కుళ్లు వాసనొస్తే నీళ్లు ఆపండి. ఎండిన ముద్దకి ఇప్పటికైతే సన్న ఊచతో నాలుగైదు చోట్ల పొడిచి, కుండీని నీళ్ల టబ్బులో దించి బుడగలు ఆగేదాకా ఉంచండి. అసలు రిపేరు మాత్రం ఆకులు రాలాక, చిగురు రాకముందే: మొక్క తీసి బకెట్‌లో నానబెట్టి బంకమట్టి మెల్లగా కడిగెయ్యండి, నల్లగా మెత్తబడ్డ వేళ్లు కత్తిరించి, ఎర్రమట్టి, ముతక ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నాటండి. ఆ ఏడు పెద్దగా ఎదగదు, కంగారుపడి ఎరువు గుప్పించొద్దు.

పురుగు, తెగులు గింకోకి చాలా అరుదు, ఊరికే మందు కొట్టకండి.

విత్తనం మొలవట్లేదా? గుజ్జు కడిగి, తడి ఇసుకలో కలిపి రెండు నెలలు ఫ్రిజ్‌లో పెట్టి అప్పుడు నాటండి. గుజ్జు తగిలితే కొందరికి చర్మం దద్దుర్లెక్కుతుంది, గ్లవ్స్ వేసుకోండి. ఇక కాయ రాలేదని అడిగేవాళ్లకి, ఇందులో ఆడ, మగ చెట్లు వేరువేరు, పైగా విత్తనం మొక్క అయితే 20 ఏళ్లు దాటాలి.