కాలనీ అంగడికి ఉప్పు ప్యాకెట్‌తో వెళ్లండి

హైదరాబాద్ కాలనీల్లో వారానికోసారి సాయంత్రం రోడ్డు పొడవునా అంగడి పెడతారు కదా. అక్కడికి వెళ్లేటప్పుడు దారిలో కిరాణా కొట్లో కిలో ఉప్పు ప్యాకెట్ కొని సంచిలో వేసుకోండి. ఎలాగూ ఇంట్లోకి కావాల్సిందే. కాటా మీద అనుమానం వస్తే ప్యాకెట్ పెట్టి చూడమనండి. కవరు బరువు కలిపి కిలో పైన కొన్ని గ్రాములు చూపిస్తే సరే. 1100 చూపిస్తే మాత్రం మీరు తీసుకునే కిలో టమాటాలో దాదాపు 90 గ్రాములు ఎగిరిపోయినట్టే. ఎక్కువ చూపిస్తే నష్టం మనకే, చాలామంది ఇక్కడే పొరబడతారు. అడిగే పద్ధతి మర్యాదగా ఉండాలి సుమా, అందరూ మోసగాళ్లు కారు.

దగ్గర్లో రైతుబజార్ ఉంటే ఆ రోజు ధరల బోర్డు ఫోన్‌లో ఫోటో తీసుకోండి, బేరానికి పనికొస్తుంది.

పాలకూర, తోటకూర లాంటివి అంగడి ఎత్తేసే వేళకి కొనండి. మర్నాటికి వాడిపోతాయి కాబట్టి కట్ట ధర దిగుతుంది. ఉల్లి, ఆలు కోసం అలా ఆగినా లాభం లేదు, అవి మరుసటి రోజు ఇంకో అంగడికి వెళ్తాయి. కొసరుగా కరివేపాకు అడగడం మర్చిపోకండి.