పాత సీఎన్‌సీకి కొత్త కంట్రోల్: స్పానర్ పట్టే ముందు

బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లోనో విజయనగరం షెడ్లలోనో పాత సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) లేత్, మిల్లింగ్ మెషిన్లకు లైనక్స్‌సీఎన్‌సీ (మామూలు కంప్యూటర్‌తో మెషిన్‌ను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) పెట్టాలనుకునేవాళ్లు ముందు డయల్ గేజ్‌తో ప్రతి యాక్సిస్ (మెషిన్ కదిలే దిశ) బ్యాక్‌లాష్, అంటే దిశ మార్చినప్పుడు కనిపించే లూజు, కొలవండి. బాల్‌స్క్రూ (యాక్సిస్‌ను జరిపే స్క్రూ) అరిగిపోయి ఉంటే కొత్త కంప్యూటర్ దాన్ని బాగుచేయదు. ముందు ఖర్చు అక్కడే పెట్టాలి.

పాత కంట్రోలర్ ఇంకా ఆన్ అవుతుంటే పారామీటర్లన్నీ (మెషిన్ సెట్టింగులు) రాసుకోండి. చాలా మెషిన్లలో అవి బ్యాటరీ మీదే నిలుస్తాయి. ప్రతి వైరుకీ నంబరు ట్యాగ్, ఫొటో ఉండాలి.

మెయిన్ ఆపగానే ప్యానెల్‌లో చెయ్యి పెట్టొద్దు. సర్వో డ్రైవ్ (మోటార్‌కి పవర్ ఇచ్చి నడిపే యూనిట్) కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజి మిగిలి ఉంటుంది. డ్రైవ్ మీద రాసినంత సేపూ ఆగి, డీసీ బస్‌ను (డ్రైవ్ లోపలి డీసీ పవర్ లైన్) మీటర్‌తో చూశాకే ముట్టుకోండి. మెయిన్‌కి తాళం వేసి, తాళంచెవి మీ జేబులోనే ఉంచుకోండి.

మిల్లింగ్ మెషిన్ అయితే హెడ్ కింద చెక్క దిమ్మ పెట్టండి. జెడ్ (పైకీ కిందకీ కదిలే యాక్సిస్) బ్రేక్ వదిలితే హెడ్ జారుతుంది.

ఎమర్జెన్సీ స్టాప్‌ను సాఫ్ట్‌వేర్‌కి వదిలేయొద్దు. బటన్ నొక్కితే కాంటాక్టర్ (కరెంటుతో పనిచేసే పవర్ స్విచ్) పడిపోయి డ్రైవ్‌ల పవర్ పోవాలి. లిమిట్ స్విచ్‌లు (యాక్సిస్ హద్దు దాటకుండా ఆపేవి) ఎన్‌సీ, అంటే నార్మల్లీ క్లోజ్డ్ (మామూలుగా సర్క్యూట్ కలిసే ఉండే) వైరింగ్‌లోనే ఉండాలి, అప్పుడు వైరు తెగినా మెషిన్ ఆగుతుంది.

మొదటిసారి మోటార్ తిప్పేటప్పుడు కప్లింగ్ (మోటార్‌ను స్క్రూకి కలిపే భాగం) విప్పేయండి. ఎన్‌కోడర్ (మోటార్ ఎంత తిరిగిందో చెప్పే సెన్సర్) దిశ తిరగబడితే సర్వో అదుపు తప్పి ఫుల్ స్పీడ్‌లో పోతుంది.