పాత ఎస్‌యూవీ సంరక్షణ – 4వ పాఠం: పెట్రోల్ వాసన ఎప్పుడొస్తోంది?

పోయిన పాఠంలో ట్యాంకులోని పంపు నుంచి, ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ల దాకా పెట్రోల్ నడిచే దారిని బొమ్మగా గీసుకున్నాం. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఈసారి పనంతా దాని మీదే.

బెంగళూరులో మనవాళ్ల అపార్ట్‌మెంట్లలో పదిహేనేళ్లకు దగ్గరపడిన పెట్రోల్ ఎస్‌యూవీలు చాలానే ఉంటాయి. సంక్రాంతికి అమ్మానాన్నల్ని, పిల్లల్ని ఎక్కించుకుని ఊరెళ్లేది వాటిలోనే కాబట్టి అమ్మబుద్ధి కాదు. పదిహేనేళ్లయ్యాక ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించి, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటే తిప్పుకోవచ్చు. కానీ ఎఫ్‌సీ కాగితం చేతికొచ్చినంత మాత్రాన లోపలి రబ్బరు కొత్తదైపోదు.

మెకానిక్‌తో ‘పెట్రోల్ వాసనొస్తోంది’ అంటే సరిపోదు. ఎప్పుడొస్తోందో చెప్పగలిగితే ఎక్కడ వెతకాలో చాలావరకు తేలిపోతుంది. ముందుగా అద్దానికి వేలాడే సెంటు డబ్బా తీసేయండి. అది ఉన్నంతకాలం ఈ పాఠం మీకు పనికిరాదు.

ఫుల్ ట్యాంకు కొట్టించిన రోజు వాసన వచ్చి, సగానికి దిగాక పోతోందా? అయితే అనుమానం ట్యాంకు పైభాగం మీదే. మూత వాషర్, పెట్రోల్ పోసే గొట్టాన్ని ట్యాంకుకు కలిపే రబ్బరు పైపు, పంపు బిగించిన చోట ఉండే సీలు చూడాలి. ఆ సీలు చాలా బండ్లలో వెనక సీటు కింద, కార్పెట్ ఎత్తితే కనిపించే చిన్న రేకు మూత అడుగున ఉంటుంది. బంకులో నాజిల్ టక్‌మని ఆగాక కూడా రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త పోయించే అలవాటు మానండి. ఆవిరిని పట్టి ఉంచాల్సిన బొగ్గు డబ్బాలోకి పెట్రోలే చేరి అది పాడవుతుంది.

డిసెంబర్ చలిలో పొద్దున్నే స్టార్ట్ చేసిన కాసేపు మాత్రమే వాసన వస్తే ఇంజెక్టర్ల ఓ-రింగులు (కారకుండా ఆపే రబ్బరు ఉంగరాలు) చూడాలి. ముదిరిన రబ్బరు చలికి ముడుచుకుని కారుతుంది, ఇంజిన్ వేడెక్కగానే మళ్లీ మూసుకుంటుంది. అందుకే షెడ్డుకు చేరేసరికి తడి ఆరిపోయి, ‘ఏం లేదు సార్’ అనిపించుకుని వస్తాం. రాత్రి బండి అక్కడే వదిలి, మర్నాడు మెకానిక్ కళ్లముందే మొదటి స్టార్ట్ చేయించండి.

వాసన లేదు, కానీ పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తోంది అంటే లైన్లో ప్రెషర్ నిలవడం లేదేమో. కీ ఆన్ చేసి రెండు క్షణాలాగి ఆఫ్ చేయండి. ఇలా రెండు మూడుసార్లు చేశాక ఠక్కున స్టార్టయితే అనుమానం బలపడినట్టే. బయట తడి లేకపోతే పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపే పంపులోని చెక్ వాల్వ్ అయినా కావచ్చు, లోపలికి కారే ఇంజెక్టర్ అయినా కావచ్చు. ఆయిల్ డిప్‌స్టిక్ వాసన చూడండి. పెట్రోల్ కంపు కొడితే బండి తిప్పడం ఆపేయండి.

ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్‌ను ప్రధాని ప్రారంభించింది బెంగళూరులోనే, 2023 ఫిబ్రవరి 6న. అంతకు చాలా ముందు తయారైన బండ్ల రబ్బరు పైపులు, సీళ్లు అంత ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. కాబట్టి ఎలాగూ వయసు మీరిన పైపుల్ని పగిలేదాకా ఆగకుండా ముందే మార్చడం నయం. జేసీ రోడ్‌లో కొనేటప్పుడు ‘పెట్రోల్ పైపు’ అంటే ఇంజెక్టర్లు లేని పాతకాలపు కార్బురేటర్ బండ్లకు సరిపోయే ఆర్7 రకం చేతిలో పెట్టొచ్చు. ఇంజెక్షన్ బండి లైన్లో ప్రెషర్ మామూలుగా మూడు, నాలుగు బార్లు ఉంటుంది. దానికి ఆర్9 కావాలి. పైపు మీద ముద్ర చదివాకే డబ్బులివ్వండి. క్లాంపు కూడా ఇంజెక్షన్ లైన్లకు వాడేదే అడగండి. మామూలు స్క్రూ క్లాంపు చిల్లులు రబ్బరును కోస్తాయి.

ఇంజిన్ ఆపినా ఆ ప్రెషర్ లైన్లో గంటల తరబడి ఉండొచ్చు. కాబట్టి పైపు విప్పే పని ఈ పాఠంలో లేదు, మీరు చూసి చెప్పండి చాలు.

ఇక బేస్‌మెంట్ పార్కింగ్ సంగతి. పెట్రోల్ ఆవిరి గాలికంటే మూడు, నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేల మీదే పాకి డ్రైనేజీ కాలువల్లోకి, లిఫ్ట్ గుంటలోకి దిగుతుంది. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకోగల సరుకది. బండి కింద పెట్రోల్ మడుగు కనిపిస్తే స్టార్ట్ చేసి బయటకు తీద్దామనుకోకండి. స్విచ్చులేవీ ముట్టుకోకండి. అక్కడున్నవాళ్లను పంపించేసి, పైకి వచ్చాకే ఫోన్ తీసి 101కో 112కో చేయండి. సెక్యూరిటీకి చెప్పి కింద మరే బండీ స్టార్ట్ కాకుండా చూడండి.

డీజిల్ కామన్‌రైల్ బండివాళ్లకు ఇప్పటికి ఒక్క మాట: కారుతున్న చోట చెయ్యి పెట్టి చూడొద్దు. వెయ్యి బార్లు దాటే ప్రెషర్‌లో సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతుంది. మీ పాఠం విడిగా ఉంది.

వచ్చే వారానికి హోంవర్క్: వాసన వచ్చిన ప్రతిసారీ టైము, ట్యాంకులో ముల్లు ఎక్కడుంది, ఇంజిన్ చల్లగా ఉందా వేడిగా ఉందా రాసుకోండి. బొమ్మలో అనుమానం ఉన్న చోట పెన్సిల్‌తో చుట్టండి. 5వ పాఠంలో ఆ చుట్టిన చోట్లను ప్రెషర్ గేజ్‌తో పరీక్షిద్దాం.