లాక్‌హార్ట్ బార్బెక్యూ: తూకం చెప్పే పద్ధతి

టెక్సాస్‌లో ఆస్టిన్‌కు దక్షిణాన ఉన్న లాక్‌హార్ట్‌కు వెళ్లినప్పుడల్లా ఆకలి మీద ఎక్కువ మాంసం తీసుకుని, సగం మిగిల్చేవాళ్లం. అక్కడ పాత బార్బెక్యూ దుకాణాల్లో, కట్టెల పొగ, వేడి మీద కాల్చిన మాంసాన్ని పౌండ్ల లెక్కన తూచి, గోధుమ రంగు కాగితంలో చుట్టి ఇస్తారు. ఇప్పుడు మనిషికి పావు పౌండు, అంటే సుమారు 113 గ్రాములు, చొప్పున మాత్రమే చెబుతున్నాం. నలుగురికి ఒక పౌండు. బ్రెడ్డు, ఉల్లిపాయ, ఊరగాయ దోసకాయ ముక్కలతో తిన్నాక ఇంకా కావాలనిపిస్తే మళ్లీ కొంటాం. చాలాసార్లు ఆ అవసరమే రాలేదు. బ్రిస్కెట్ (గొడ్డు మాంసంలో ఛాతీ భాగం) అయితే ఒక ముక్క కోసి చూపించమని అడగండి. అంచున నల్లటి పొర, దాని కింద సన్నటి ఎర్రని గీత కనిపిస్తాయి. ఓక్ కట్టెల పొగ వాసన అక్కడే తెలిసిపోతుంది. గొడ్డు మాంసం తినని మా ఇంటివాళ్లకు టర్కీ కోడి మాంసం తీసుకుంటాం. తరిగిన మాంసాన్ని గొట్టంలా కూరి చేసే సాసేజ్‌లో ఏముందో మాత్రం తప్పక అడుగుతాం, అందులో చాలాచోట్ల గొడ్డు మాంసమే ఎక్కువగా ఉంటుంది.

శనివారం మధ్యాహ్నం ఈ పద్ధతి పనిచేయదు. వరుస పొడవుగా ఉంటుంది, రెండోసారి మన వంతు వచ్చేసరికి కావలసినది అయిపోవచ్చు. ఆ రోజు మనిషికి అర పౌండు చొప్పున ఒకేసారి తీసుకోండి.