ఉతికినవీ విడిచినవీ కలవకుండా బట్టలు చూసుకోవడం ఎలా?

ఆరుగురున్న ఇంట్లో ఇరవై ఏళ్లకు పైగా బట్టల పని నాదే. ఎవరింటికి వెళ్లినా నా కళ్లు ముందు మంచం మీదికి, ఆ తర్వాత మూలనున్న కుర్చీ మీదికి పోతాయి. దండెం మీంచి తెచ్చిన బట్టలు మంచం మీద కుప్పగా ఉంటాయి. బడి నుంచి వచ్చిన పిల్లాడు యూనిఫాం విప్పి ఆ కుప్ప మీదే పడేస్తాడు. స్నానం చేసి వచ్చినాయన తడి తువ్వాలూ దాని మీదే వేస్తాడు. రాత్రి పడుకోవడానికి చోటు కావాలి కాబట్టి కుప్ప మొత్తం కుర్చీలోకి మారుతుంది. తెల్లారాక ఏది ఉతికిందో, ఏది విడిచిందో ఎవరికీ తెలియదు. అనుమానం ఎందుకని అన్నీ మళ్లీ మిషన్లో వేస్తారు. నీళ్లు దండగ, కరెంటు దండగ, బట్ట ఆయుష్షు దండగ.

బద్ధకమని పిల్లల్ని తిట్టి లాభం లేదు. ఏ బట్టకు ఏది చోటో చూపించకపోతే పెద్దవాళ్లయినా అంతే చేస్తారు.

కావలసినవి

చిల్లులున్న బుట్టలు రెండు. ఒకటి తెల్లవాటికీ లేత రంగులకీ, ఇంకొకటి ముదురు రంగులకి. వేర్వేరు రంగుల బకెట్లు రెండు. గాలి ఆడే గోడకు కొట్టిన కొక్కేలు, మనిషికి రెండు చొప్పున. ఒక దండెం. మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలు కొనకండి, లోపల గాలి ఆడక బట్ట కంపు కొడుతుంది. బుట్టలు స్నానాలగది బయటే ఉండాలి.

విడిచేటప్పుడు

జేబులు వెతకండి, బట్టను తిరగేయండి, మరక ఉంటే అప్పుడే తడిపి రుద్దండి. రక్తపు మరకకు చన్నీళ్లే వాడాలి, వేన్నీళ్లు పోస్తే మరక బట్టకు పట్టేస్తుంది. పప్పు మరక సబ్బు తగలగానే ఎర్రబడితే కంగారు పడకండి. సబ్బులోని క్షారానికి పసుపు అలా రంగు మారుతుంది. ఉతికి మంచి ఎండలో ఆరేస్తే ఆ మరక దానంతటదే వెలిసిపోతుంది. వంటింటి మసిగుడ్డలు, కాలిపట్టాలు ఈ బుట్టల్లోకి అసలు రాకూడదు. వాటి బకెట్టు వాటికి వేరే.

తడిది బుట్టలో వేయవద్దు

తడి తువ్వాలు, చెమటకు తడిసిన బనీను, వానలో తడిసిన చుడీదారు, ఏదైనా ముందు దండెం మీద ఆరాకే బుట్టలోకి వెళ్లాలి. ఎలాగూ ఉతికేదే కదా అని పడేస్తే కింద ఉన్న నాలుగు పొడి బట్టలకూ ముక్క వాసన పడుతుంది. ఆరీ ఆరని బట్టల్లోంచి వచ్చే ఆ వాసనకు ముఖ్య కారణం మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బాక్టీరియా అని జపాన్ పరిశోధకులు 2012లో చూపించారు. ఉతికినా అది కొంత బట్టలోనే మిగిలిపోతుంది, తడి తగలగానే మళ్లీ పెరుగుతుంది. మెత్తదనానికి పోసే సెంటు ద్రావణాలు దాన్ని చంపవు, కాసేపు కప్పిపెడతాయంతే.

ఒకపూట కట్టినవి

ఇళ్లన్నీ తప్పుతున్నది ఇక్కడే. గంటసేపు పెళ్లికి కట్టి వచ్చిన చీర, సాయంత్రం బజారుకు తొడుక్కెళ్లిన ప్యాంటు, ఒక్క పూట వేసిన స్వెట్టరు. ఇవి మాసినవి కావు కాబట్టి బుట్టలో వేయబుద్ధి కాదు. అలాగని ఉతికినవీ కావు. రెండింట్లో దేనిలోనూ చోటు లేక కుర్చీ మీద చేరతాయి. కుర్చీ నిండాక పిల్లలు తీసుకెళ్లి బీరువాలో కుక్కుతారు. ఉతికినవాటికి వాసన పట్టేది అప్పుడే.

ఒకపూట కట్టినవి నేరుగా బీరువాలోకి వెళ్లకూడదు, ఎంత శుభ్రంగా కనిపించినా సరే. చెమట పట్టిన పట్టుకూ ఉన్నికీ పురుగు త్వరగా పడుతుంది. ఒక్క బట్టతో మొదలై అర మొత్తం పాడవుతుంది. మా ఇంట్లో ఒక పట్టుచీర పోయింది ఇలాగే. గృహప్రవేశానికి కట్టుకుని, అలసిపోయి వచ్చి, అలాగే మడిచి పెట్టేశాను. మళ్లీ సంక్రాంతికి తీస్తే కొంగు దగ్గర జరీ నల్లబడి ఉంది, మడత మీద చిల్లులు ఉన్నాయి. ఆ చీర మా అమ్మ పెట్టింది.

అందుకే కొక్కేలు కావాలి. విడిచిన వెంటనే ఒకపూట బట్టను దులిపి, కొక్కేనికి విడిగా తగిలించండి. ఒక కొక్కేనికి ఒకటే బట్ట. తలుపు వెనక కొక్కేలు పనికిరావు, తలుపు తీసినప్పుడల్లా బట్ట గోడకు నొక్కుకుపోయి గాలి తగలదు. కిటికీ పక్క గోడ మంచిది. పట్టుచీరనైతే దండెం మీద పూర్తిగా పరిచి నీడన ఒక రాత్రంతా ఆరనివ్వండి, ఎండలో వేస్తే రంగు వెలుస్తుంది. తెల్లారి మడిచి, పాత నూలు పంచె గుడ్డలో చుట్టి పెట్టాలి. ప్లాస్టిక్ కవరు వద్దు. శ్రావణమాసంలో వారానికో వ్రతం, వారానికో పట్టుచీర. అప్పుడే వానలు కూడా. విజయవాడ, విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లలో ఒక రాత్రి చాలదు, ఫ్యాను కింద రెండు రాత్రులు పెట్టాలి.

ఏది కొక్కేనికి, ఏది బుట్టకు? ఒంటికి తగిలే నూలు బట్ట ఏదైనా ఒక్కసారే. లోదుస్తులు, బనీన్లు, సాక్సులు, జాకెట్లు, నైటీలు కొక్కెం ముఖం చూడకూడదు. జీన్సు మూడు నాలుగు సార్లు వేసుకోవచ్చు. స్వెట్టరు లోపల చొక్కా ఉంటే వారం. బడి యూనిఫాం చొక్కా రోజూ బుట్టలోకే, నిక్కరు మర్నాటికి ఆగుతుంది.

వాసన చూసి తేల్చుకుందామనుకోకండి. ఎవరి ఒంటి వాసన వాళ్ల ముక్కుకు అలవాటైపోతుంది. వెలుతురులోకి తెచ్చి మెడపట్టీ, చంకలు చూడండి. మెడపట్టీ మీద గీత పడిందంటే బుట్టలోకే. సెంటు కొట్టి ఇంకో పూట నెట్టుకొచ్చే పద్ధతి నాకు ససేమిరా నచ్చదు, చెమట మీద సెంటు పడితే చంకల దగ్గర పచ్చమరక ముదురుతుంది.

ఇంకో కట్టుబాటు: మనిషికి రెండు కొక్కేలు మించకూడదు. మూడో బట్ట తగిలించాలంటే ముందున్నదొకటి బుట్టలోకి వెళ్లాలి. మూడు రోజులు ముట్టుకోని బట్ట కూడా బుట్టలోకే. ఈ లెక్క లేకపోతే నెల తిరక్కుండా గోడే కుర్చీ అవుతుంది. విడిగా ఒక మూడో బుట్ట పెట్టుకోమని కొందరు చెబుతారు. నేను పెట్టి చూశాను. బుట్టలో బట్ట కనపడదు, కనపడనిది కుళ్లుతుంది. కొక్కెం మీద ఉన్నది రోజూ కళ్ల ముందుంటుంది.

మా నాయనమ్మ ఇంట్లో మడి బట్టలకు ఎత్తైన దండెం ఉండేది. ఆరేయాలన్నా తీయాలన్నా కర్రతోనే. ఆ మడి పేరుతో మనుషుల్ని దూరం పెట్టడం తప్పు, ఆ మాట దాచను. కానీ ఉతికిన బట్టను విడిచిన బట్ట తాకకూడదన్న పట్టింపు మాత్రం నాకు అక్కడే అబ్బింది. ఊళ్లో రజకులు ఏ ఇంటి మూట ఆ ఇంటిదిగా తెలిసేలా నల్లజీడి రసంతో బట్ట అంచున గుర్తు పెట్టేవారు. రేవులో వందల బట్టలు ఉతికినా కలవనిచ్చేవారు కాదు. మనకు ఉన్నవి ఒక్క ఇంటి బట్టలే.

ఉతకడం

సగం పని బుట్టల దగ్గరే అయిపోయింది. మిషన్లో ముప్పావు వంతు నింపండి, పొడి ఎక్కువ వేయకండి, జాడింపులో పోకుండా మిగిలితే బట్ట గరుకుతేలి దుమ్ము పడుతుంది. కొత్త నూలు చీరను ముందు తెల్లగుడ్డ తడిపి అంచు మీద నొక్కి చూడండి. గుడ్డకు రంగు అంటితే దాన్ని విడిగా బకెట్లో ఉతకాలి. ఉప్పునీళ్లలో నానబెడితే ఏ రంగూ దిగదన్న తప్పుడు నమ్మకంతో మంగళగిరి చీరనూ, తెల్ల పంచెనూ కలిపేసినవాళ్లు నాకు తెలుసు.

ఆరేయడం, తీయడం

మాసిన బట్టలు తెచ్చిన బకెట్లోనే ఉతికినవి వేసుకుని మేడెక్కితే చేసిందంతా వృథా. అందుకే రెండు రంగుల బకెట్లు అన్నాను. మాకు ఎర్రది మాసినవాటికి, నీలంది ఉతికినవాటికి. ఆరేసే ముందు దండెం తుడవండి. వారం దుమ్ము తెల్ల చొక్కా మీద నల్లటి చారగా దిగుతుంది. ఇనుప తీగైతే తుప్పు మరక కూడా పడుతుంది.

బట్టలు తీసేటప్పుడు దండెం దగ్గరే మడవండి. మంచం దాకా తీసుకెళ్లకండి. ఒక్కొక్కటి తీస్తూ, దులుపుతూ, మడుస్తూ ఒక్కొక్కరిది ఒక్కో దొంతరగా నీలం బకెట్లో పేర్చి, నేరుగా బీరువా దగ్గరికి వెళ్లండి. పావుగంట పని. చేత్తో పట్టుకుంటే నడుము పట్టీ, కుట్లు చల్లగా తగిలాయంటే ఇంకా తడి ఉన్నట్టే, ఇంకో గంట ఆగండి.

ఇస్త్రీ బండికి ఇచ్చే బట్టలను మాసిన మూట కట్టిన దుప్పట్లో కట్టకండి, ఉతికిన దుప్పటి వాడండి. తిరిగొచ్చిన వేడి బట్టలను కాసేపు చల్లారనిచ్చి లోపల పెట్టండి.

బీరువాలో కొత్తగా వచ్చినవి దొంతర కిందకు వెళ్లాలి. అప్పుడే అన్ని బట్టలూ వంతులవారీగా వాడకంలోకి వస్తాయి. చంటిపిల్లల బట్టల అరలో మాత్రం కలరా ఉండలు వేయకండి. అందులో నాఫ్తలీన్ ఉంటుంది. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పసివాళ్లకు అది తగిలితే ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమై కామెర్లు రావచ్చు. ఆ అరలో నీడన ఎండబెట్టిన వేపాకు మూట పెట్టి, నెలకోసారి మార్చండి.