విండోస్ భాష మార్చే ముందు డి డ్రైవ్ సంగతి చూసుకోండి

జర్మనీలో చదువు ముగించుకుని వచ్చిన ఒక అబ్బాయి పోయిన నెలలో లాప్‌టాప్‌లోని జర్మన్ విండోస్ తీసేయించి ఇంగ్లిష్‌ది వేయించుకున్నాడు. సి డ్రైవ్ ఒక్కటే చెరిపారు. థీసిస్, ఫొటోలు డిలో ఉన్నాయి కాబట్టి భయం లేదనుకున్నాడు. కొత్త విండోస్ వచ్చాక డి డ్రైవ్ 48 అంకెల రికవరీ కీ, అంటే తాళం తీసే సంఖ్య, అడిగింది. ఆ కీ యూనివర్సిటీ ఖాతాలో ఉంది. చదువు అయిపోగానే ఆ ఖాతా మూసేశారు. ఫైళ్లు పోయినట్టే.

"డి జోలికి వెళ్లం కదా" అనే ధీమాతో నష్టపోయినవాళ్లను చాలామందిని చూశాను. ఇప్పటి లాప్‌టాప్‌లలో చాలావాటికి ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా ఫైళ్లు చదవలేకుండా డ్రైవ్‌కు తాళం వేయడం) దానంతటదే మొదలవుతుంది. డి తాళం తీసే కీ సిలోని విండోస్ దగ్గర ఉంటుంది కాబట్టే రోజూ ఏమీ అడగకుండా తెరుచుకుంటుంది. సి చెరిపితే అదీ పోతుంది. ఒక్కో డ్రైవ్‌కు ఒక్కో రికవరీ కీ ఉంటుంది. సి కీతో డి తెరుచుకోదు.

అందుకే ముందు సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్షన్ ఆపండి. చార్జర్ పెట్టి, అన్ని డ్రైవ్‌ల తాళమూ పూర్తిగా తొలగేదాకా ఆగండి. దీనికి గంటలు పట్టవచ్చు.

అసలు రీఇన్‌స్టాల్ అవసరమా? విండోస్ హోమ్, ప్రో ఎడిషన్లలో (రకాల్లో) సెట్టింగ్స్ నుంచే భాష మారుతుంది. ఆ అబ్బాయిది ప్రో ఎడిషనే! మన దగ్గర అమ్మే లాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే 'హోమ్ సింగిల్ లాంగ్వేజ్'లోనే ఆ వీలు లేదు. తెలుగు మెనూలు కావాలన్నా ఇంగ్లిష్ విండోస్ మీద తెలుగు ప్యాక్ వేసుకోవాల్సిందే, నేరుగా తెలుగులో ఇన్‌స్టాల్ చేయలేం.

తప్పదనుకుంటే:

- డిలో ఉన్నదంతా బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. దాన్ని ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడండి.
- అన్ని డ్రైవ్‌ల రికవరీ కీలు కాగితం మీద రాసుకోండి. ఆ లాప్‌టాప్‌లోనే దాచకండి.
- లాప్‌టాప్‌ను మొదట ఎవరి ఖాతాతో తెరిచారో కనుక్కోండి. కీ అక్కడే ఉండవచ్చు.
- ఉన్న ఎడిషన్‌నే వేయించండి. హోమ్ లైసెన్సుతో ప్రో యాక్టివేట్ కాదు.
- వేరే భాషలో ఇన్‌స్టాల్ చేస్తే ప్రోగ్రాములు మిగలవు.
- అను ఫాంట్లతో (డీటీపీలో వాడే తెలుగు ఫాంట్లు) టైప్ చేసిన పాత ఫైళ్లుంటే ఆ ఫాంట్లనూ దాచుకోండి.
- ఇన్‌స్టాల్ చేయడానికి 8 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీది వాడండి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి.
- వైఫై డ్రైవర్ (వైఫైని పనిచేయించే సాఫ్ట్‌వేర్) ముందే వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.
- జర్మన్ కీబోర్డులో వై, జెడ్ తారుమారుగా ఉంటాయి. లేఅవుట్ సరిచూశాకే పాస్‌వర్డ్ పెట్టండి.
- డి ఎన్‌క్రిప్షన్ ఆపారా? మళ్లీ చూడండి.
- దుకాణంలో ఇచ్చేటప్పుడు మాటతో సరిపెట్టకండి. మీ ఎదుటే ఎన్‌క్రిప్షన్ ఆపించండి.
- కొత్త విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే ఎన్‌క్రిప్షన్ మళ్లీ మొదలుకావచ్చు. కొత్త కీలు ఆ రోజే రాసుకోండి, పాతవి పనికిరావు.